పట్టికలో లేని పిడికిలి

మా ఆఫీసులో మనిషి ఒంటికి ఒక పట్టిక ఉండేది. కార్మికుల నష్టపరిహారం చట్టం పుస్తకం చివర అచ్చేసి ఉండేది. చెయ్యి భుజం దగ్గర పోతే ఇంత, మోచేతి కింద పోతే ఇంత, బొటనవేలికి ఇంత, చిటికెన వేలికి ఇంకాస్త తక్కువ. ఉద్యోగంలో చేరిన నెలలోపే అది నాకు నోటికొచ్చేసింది. అన్నం కలుపుకుంటుంటే నా వేళ్ళ మీదే నాకు శాతాలు కనిపించేవి.

ఇప్పుడు ఇదే పనిలో చేరుతున్న పిల్లలు కొందరు నన్ను అడుగుతుంటారు, "మీ కాలంలో మనసుకు దెబ్బ తగిలితే పరిహారం ఇచ్చేవాళ్ళా?" అని. పట్టికలో మనసు లేదు నాయనా అంటాను. లేకపోయినా ఒకసారి ఇచ్చాం. అందులో నాకు పేరేమీ రాలేదు, రాకూడదు కూడా. ఆ పరిహారాన్ని దాదాపు రాకుండా చేసింది నేనే.

యాభైల చివరి సంగతి. మైసూరు రాష్ట్రంలో, ఆంధ్ర సరిహద్దుకు దగ్గరున్న చిక్కబళ్ళాపురంలో నేను లేబర్ ఇన్‌స్పెక్టర్‌ని. ఇరవై ఆరేళ్ళ వయసు, కొత్త సైకిలు, నన్నెవరూ మోసం చేయలేరన్న నమ్మకం, మూడూ ఒకేసారి ఉండేవి. బాగేపల్లి నుంచి చింతామణి దాకా ఎక్కడ ప్రమాదం జరిగినా బస్సెక్కి పోయి, చూసి, రిపోర్టు రాయాలి. నాకు పని నేర్పింది మా హెడ్ గుమాస్తా. నశ్యం పీల్చనిదే ఫైలు తెరిచేవాడు కాదు. "చూడప్పా, ఏడ్చేటోళ్ళని చూడాకు, గాయాన్ని చూడు. గాయం అబద్ధం చెప్పదు," అనేవాడు. ఆ మాటను నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకున్నాను.

చింతామణికి కొంచెం దూరంలో ఒక రాతి క్వారీ ఉండేది. అక్కడ బండకు బెజ్జాలు వేసి, మందు దట్టించి, వత్తి అంటించి తూటాలు పేల్చే పని ఒకాయనది. సొంత ఊరు బాగేపల్లి తాలూకాలో. భూమి ఉన్న రైతే, కానీ వరసగా వానలు ఎగ్గొట్టి వేరుశనగ ఎండిపోతే, భార్యతో వచ్చి క్వారీ పక్కన గుడిసె వేసుకున్నాడు. ఆయన కింద బావమరిది పనిచేసేవాడు. భార్యకు సొంత తమ్ముడు, పాతికేళ్ళవాడు. ఒకరోజు ఆరు తూటాలు పెట్టారు. ఐదు పేలాయి. ఆరూ పేలాయనుకుని ఈయన "రాండి" అని కేక వేశాడు. బావమరిది అందరికంటే ముందు పోయాడు. అప్పుడు ఆరోది పేలింది.

చనిపోయినవాడి కేసు తొందరగానే తేలిపోయింది. చావు విషయంలో చట్టానికి అనుమానాలుండవు. చిక్కు బతికినవాడితో వచ్చింది. ఒంటి మీద గీత కూడా పడలేదు. కానీ ఆ రోజు నుంచి ఆయన ఎడమచెయ్యి పిడికిలి బిగుసుకుపోయింది. తెరుచుకోదు. క్వారీ వైపు అడుగు పడదు. పరిహారం కోసం భార్య అర్జీ రాయించి పంపింది.

కాంట్రాక్టరు మాత్రం అంతా నాటకమన్నాడు. లెక్క తప్పి బావమరిదిని పొట్టన పెట్టుకుని, ఇప్పుడు చేతికేదో అయిందని కూర్చున్నాడని క్వారీ అంతా చెప్పుకున్నారు. ఆ మాట వాళ్ళ సొంత ఊరికి కూడా పాకింది. అర్జీ నెగ్గితే ఆయన జబ్బుమనిషి. కొట్టేస్తే నాటకాలవాడని సర్కారే ముద్ర వేసినట్టు. ఆ తర్వాత ఏ ముఖం పెట్టుకుని ఊరికి పోతాడు? ఇది నాకు ఆనాడే తెలుసు. తెలిసీ నాకు పట్టలేదు.

చింతామణి సర్కారు ఆసుపత్రి డాక్టరు సర్టిఫికెట్లో రెండే వాక్యాలు రాశాడు. ఎముకలు, నరాలు బాగున్నాయి. అయినా ఈ మనిషి చెయ్యి తెరవలేకపోతున్నాడు. నేను మొదటి వాక్యం చదివి, రెండోది చదివినట్టు చేసి, ఫైలు మూశాను.

తర్వాత గుడిసెకు పోయాను. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. నలభై దాటి ఉండవు. ఎదురుగా కూర్చుని ఆయన వేళ్ళను ఒక్కొక్కటే లాగి చూశాను. సిగ్గుపడుతూ రాస్తున్నాను, గట్టిగానే లాగాను. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. వేళ్ళు కదల్లేదు. "ఎందుకు తెరవవప్పా?" అన్నాను.

"ఇంకొకటి ఉండాది సార్," అన్నాడు.

"ఏమి ఉండాది?"

ఆయన నేల చూస్తూ ఉండిపోయాడు. పొంతన లేని మాటలు అని రాసుకున్నాను.

ఆయన భార్య నన్ను సాగనంపడానికి బస్సు రోడ్డు దాకా వచ్చింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. ఆమె ముఖంలో అప్పటిదాకా లేని వెలుగు కనిపించింది.

"సార్, ఒక మాట. నిద్దరపోతే ఆ చెయ్యి తెరుచుకుంటాది. మద్యాన్నం పండుకున్నప్పుడు నేనే చూసినా. అయిదు వేళ్ళూ పసిబిడ్డ చేతి మాదిరి సాగుతాయి. లేస్తానే మళ్ళా మూసుకుంటాది. అంటే లోపల బాగనే ఉండాది గదా సార్? బాగైతాది గదా?"

"చూద్దాంలేమ్మా," అన్నాను.

బస్సులో ఆనందం పట్టలేకపోయాను. చిక్కబళ్ళాపురం చేరేలోపు రిపోర్టులో మూడో పేరా మనసులో తయారైపోయింది. నిద్రలో చెయ్యి మామూలుగా తెరుచుకుంటుందని భార్యే ఒప్పుకుంది, కాబట్టి ఇది పరిహారం కోసం చేస్తున్న నటన, అని రాశాను. ఆమె ఆశతో చెప్పుకున్న సంగతి అది. నేను దాన్ని దొంగ దొరికినట్టు రాసుకున్నాను. హెడ్ గుమాస్తా చదివి, రెండు ముక్కుల్లోనూ నశ్యం దట్టించి, "భేష్" అన్నాడు. రిపోర్టు బెంగళూరు పోయింది.

మూడు వారాల తర్వాత, దానికి సంబంధం లేని పని మీద, ఆ పక్క క్వారీకి హాజరు పట్టీలు చూడటానికి పోయాను. రెండు క్వారీలకూ మధ్య ఒక గుట్ట అడ్డం. మధ్యాహ్నం అందరూ రాగిముద్దలు తింటుంటే, రాళ్ళు చెక్కే ఒక పెద్దాయన నా పక్కకు జరిగి కూర్చున్నాడు.

"ఏమప్పా, ఆ పిడికిలాయన కేసు చూస్తాండేది నువ్వేనంట?"

అవునన్నాను. లెక్క తప్పడం ఎంత పని చేసిందో చూడు పెద్దాయనా అని నా తెలివి కూడా జోడించాను. ఆయన ముద్ద పక్కన పెట్టాడు.

"మేము లెక్కపెట్టేది ఎట్లనో తెలుసునా నీకు? ఎన్ని బెజ్జాలకు మందు పెడితే అన్ని గులకరాళ్ళు ఎడంచేతిలో పట్టుకుంటాం. ఒకటి పేలితే ఒక రాయి కింద పడేస్తాం. చెయ్యి ఖాళీ అయినాకనే రాండి అని కేకేసేది. నోటి లెక్క తప్పుతాది గానీ ఇది తప్పదు."

"మరి తప్పింది గదా?"

ఆయన గుట్ట వైపు చూశాడు. "ఆయన తప్పలేదప్పా. వాళ్ళది మద్యాన్నం పేలుస్తారు, మాది సాయంత్రం. ఎప్పుడూ అంతే. ఆ దినం చింతామణి సంత. తొందరగా పోవల్లని మేము గూడా మద్యాన్నమే వత్తి అంటించినాం. వాళ్ళకు చెప్పి పంపలేదు. మాది పేలిన సద్దుకు ఆయన చేతిలో రాయి పడిపాయ."

"ఈ మాట ఎవరికైనా చెప్పినావా?"

"ఎవురూ అడగలేదు గదప్పా."

ఎవరూ అంటే నేనే. అడగడమే నా ఉద్యోగం. అప్పుడు అర్థమైంది, ఆ మనిషి పడేయకూడని రాయిని పడేశాడు, ఇప్పుడు దాన్ని విడవకుండా పట్టుకుని కూర్చున్నాడు. ఇంకొకటి ఉందని నాతో చెప్పాడు కూడా. నేను పొంతన లేదని రాసుకున్నాను.

ఆఫీసుకు రాగానే రిపోర్టు మార్చాలన్నాను. హెడ్ గుమాస్తా చల్లగా విన్నాడు. చెడ్డవాడు కాదు, ఆఫీసు తెలిసినవాడు. "పంపిన రిపోర్టు మార్చే పద్ధతి లేదప్పా. విచారణలో అడిగితే చెప్పు, అడక్కపోతే మెదలాకు. నీ రిపోర్టు తప్పని నువ్వే అంటే, రేపు నువ్వు రాసే దాన్ని ఎవురు నమ్ముతారు?" అన్నాడు. నేను ఒప్పుకున్నాను. నిజం చెప్పాలంటే, ఒప్పుకోవడానికి ఎవరైనా ఒక కారణం చూపిస్తే బాగుండునని ఎదురుచూస్తున్నాను.

విచారణ చింతామణి ట్రావెలర్స్ బంగ్లాలో జరిగింది. కమిషనర్ బెంగళూరు నుంచి జీపులో వచ్చాడు. కన్నడంలో మాట్లాడేవాడు, తెలుగు అర్థమయ్యేది. ఒక పక్క ఇన్సూరెన్స్ కంపెనీ వకీలు, కాంట్రాక్టరు. ఇంకో పక్క ఆయన, ఆయన భార్య. పిడికిలి మీద ఆమె ఒక తువ్వాలు కప్పింది. గోడవారగా డాక్టరు, నేను.

వకీలు నా మూడో పేరా గట్టిగా చదివాడు. నా వాక్యాలు అంత బాగా చదవగా నేనెప్పుడూ వినలేదు. తర్వాత ఆమెను అడిగాడు, నిద్రలో చెయ్యి తెరుచుకునే మాట నిజమేనా అని.

"నిజమే అయ్యా. ఈ సారుకు నేనే చెప్పినా," అని నా వైపు చెయ్యి చూపింది. అందులో కోపం లేదు. తెలిసిన మనిషి ఒకడు గదిలో ఉన్నాడన్న ధైర్యంతో చూపింది. ఆమె దృష్టిలో నేను వాళ్ళ మనిషిని. నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

కమిషనర్ నా వైపు తిరిగాడు. "ఇన్‌స్పెక్టర్, రిపోర్టు కాక ఇంకేమైనా చెప్పేది ఉందా?"

"లేదు సార్," అన్నాను.

కూర్చున్నాను. ముప్పై ఏళ్ళు పైబడిన సర్వీసులో ఎన్నో మాటలు మాట్లాడాను. ఆ రెండు మాటలంత అసహ్యంగా ఏవీ లేవు.

కమిషనర్ డాక్టరును అడిగాడు, ఇది నాటకమేనా అని. డాక్టరు లేచి, "చేతిలో జబ్బు లేదన్నాను సార్, మనిషికి జబ్బు లేదనలేదు. అది ఉన్న చోట పెట్టి చూడటానికి నా దగ్గర పనిముట్టు లేదు," అన్నాడు. వకీలు వెంటనే పట్టిక తెరిచి చూపించాడు. ఇలాంటిదేదీ ఇందులో లేదు అన్నాడు. అది అక్షరాలా నిజం.

అప్పుడు ఆమె ఎవరూ అడగకుండానే లేచింది.

"అయ్యా, సచ్చిపోయింది నా తమ్ముడు. నేను ఎత్తి పెంచినోడు. ఈయన చేతులారా చేసినాడని నాకు అనిపించుంటే, మీకంటే ముందు నేనే ఈయన్ని ఇడిచిపెట్టి పోయుందును. పోకుండా ఈయన పక్కనే కూర్చోనుండా. అది చాలదా మీకు?"

నేను లేచి నిలబడ్డాను. ధైర్యం అనకండి. కూర్చోవడం చేతకాక లేచాను.

"సార్, నా రిపోర్టులో మూడో పేరా తప్పు."

"ఇప్పుడే కదా చెప్పేదేమీ లేదన్నావు?"

"భయపడి అన్నాను సార్."

కాంట్రాక్టరు కిసుక్కున నవ్వాడు. నేను గులకరాళ్ళ సంగతి చెప్పాను. పక్క క్వారీ సంగతి చెప్పాను. కాంట్రాక్టరు నవ్వు ఆగింది. పక్క క్వారీవాళ్ళు ఎప్పుడు పేలుస్తారని కమిషనర్ కాంట్రాక్టరును అడిగాడు.

"మామూలుగా సాయంత్రం స్వామీ."

"ఆ రోజు?"

కాంట్రాక్టరు భుజం మీది కండువాతో మెడ తుడుచుకున్నాడు. "ఆ దినం సంత స్వామీ."

అప్పటిదాకా నేల చూస్తున్న మనిషి తల ఎత్తాడు. నన్నే అడిగాడు. "ఆ సద్దు పక్కోళ్ళదా సార్?"

"అవునప్పా. పక్కవాళ్ళదే."

ఆయన భార్య వైపు చూశాడు. ఆమె తలాడించింది. మీరు ఎదురుచూస్తున్నారని నాకు తెలుసు కాబట్టి చెప్తున్నాను, పిడికిలి తెరుచుకోలేదు. కథల్లో అయితే అక్కడే తెరుచుకోవాలి. నేను కూడా చూశాను, వకీలు కూడా చూశాడు. తువ్వాలు కింద అది అలాగే ఉంది.

కమిషనర్ చాలాసేపు పుస్తకం తిరగేశాడు. చివరికి, "పట్టిక పుస్తకం చివర ఉంది. గాయం అన్న మాట మొదట్లో ఉంది. నెత్తురు కారితేనే గాయమని ఎక్కడా రాయలేదు," అన్నాడు. పని చేయలేనంత కాలం నెలనెలా పరిహారం ఇవ్వాలని ఉత్తర్వు రాయించాడు. చెయ్యి ఎలా ఉందో ప్రతినెలా ఇన్‌స్పెక్టర్ పోయి చూసి రాయాలి. "నువ్వే పో," అని నా వైపు చూశాడు. అది శిక్షేనని ఇద్దరికీ అర్థమైంది.

మరునాడు ఆఫీసులో హెడ్ గుమాస్తా నన్ను ఎగాదిగా చూశాడు. "నా సర్వీసులో రిపోర్టులు కొట్టేసిన ఆఫీసర్లని చూసినా. తన రిపోర్టు తానే కొట్టేసుకున్నోన్ని నిన్నే చూస్తాండా," అని నశ్యం డబ్బీ నా ముందుకు తోశాడు. ఎవరికీ ఇచ్చేవాడు కాదు. ఆ పూటంతా తుమ్ముతూనే ఉన్నాను.

వాళ్ళు గుడిసె విప్పుకుని సొంత ఊరికి పోయారు. ఊళ్ళో ఎవరూ మొహం తిప్పుకోలేదు. పక్క క్వారీ పెద్దాయన ఒకసారి పనిగట్టుకుని అక్కడికి పోయి, అందరి ముందూ జరిగింది చెప్పి, ఒక పూట ఉండి వచ్చాడట. నేను నెలకోసారి బాగేపల్లిలో బస్సు దిగి నడిచేవాణ్ణి. నా పని ఎంత వింతైనదో ఆలోచించండి. పిడికిలి మూసుకుని ఉంటే డబ్బు వస్తుంది. తెరుచుకుంటే ఆగిపోతుంది. ఆయన బాగుపడితే ఆ సంగతి పట్టుకుపోయి వాళ్ళ కూటికి ఎసరు పెట్టాల్సింది నేను. ఏడు నెలలు ఏడుసార్లు పోయాను. ఏడుసార్లూ మూసుకునే ఉంది. మూసుకుని ఉందని రాస్తూ నాలో నేను ఊపిరి పీల్చుకునేవాణ్ణి, ఆ తర్వాత సిగ్గుపడేవాణ్ణి.

ఎనిమిదోసారి పోయేసరికి ఆమె ఒక్కతే చేనులో కలుపు తీస్తోంది.

"ఆయన యాడమ్మా?"

"బాయి కాడ నీళ్ళు కడతాండాడు సార్." కొడవలి పక్కన పెట్టి లేచింది. "చెయ్యి తెరుచుకుంది. నాలుగు దినాలాయ. ముద్ద తింటా తింటా ఎడంచేత్తో చెంబు అందుకున్నాడు. ఆయన చూసుకోలేదు, నేను చూసినా."

చెప్తూ నవ్వింది. నాకు ముందు సంతోషమే కలిగింది. తర్వాత చేను చూశాను. కాయ ఇంకా పట్టలేదు. పంట చేతికి రావడానికి ఇంకా నెలలు ఉన్నాయి.

"అమ్మా, ఇవాళ నేను ఆయన్ని చూడలేదు. ఇంకో రెండు నెలలు మూసుకునే ఉందని రాసేస్తాను. ఎవరికీ తెలియదు," అన్నాను. అప్పటిదాకా తెలిసి ఒక్క అబద్ధం కూడా రాయనివాణ్ణి. అది అంత సులువుగా నోట్లోంచి వచ్చినందుకు నాకే ఆశ్చర్యమేసింది.

ఆమె నవ్వు ఆగిపోయింది. "వద్దు సార్. మూసుకున్నప్పుడు మూసుకుందని రాసినారు. తెరుచుకున్నాక గూడా అదే రాస్తే, ముందర రాసిందంతా అబద్ధమే అయిపోతాది. ఆయన నిజంగానే నాటకమోడు అయిపోతాడు."

గట్టు మీద కూర్చుని ఫారం తీశాను. ఇంగ్లీషులో రాశాను. ఏం రాశానో తెలుగులో చదివి చెప్పమంది. చదివాను. "చెయ్యి తెరుచుకుంది. మనిషి పూర్తిగా బాగయ్యాడు."

"రెండోది కొట్టేయండి."

"ఎందుకమ్మా?"

"మొన్న పెండ్లిలో టపాకాయ పేలితే, ఉన్నోడు ఉన్నట్టే నిలబడిపాయ. ఇంకొకటి వస్తాదేమోనని చూస్తా ఎంతసేపుకూ కదల్లేదు. బాగైనాడని మీకు ఎవురు చెప్పినారు?"

ఎవరూ చెప్పలేదు. ఆమె చెప్పని మాట ఆమె పేరున రాయడం నాకు అది రెండోసారి.

"మరేం రాయమంటావమ్మా?"

"చెయ్యి తెరుచుకుంది, భయం పోలేదు. ఉండేది అంతే గదా సార్."

ఆ రెండో ముక్కకు ఫారంలో గడి లేదు. పక్కన మార్జిన్లో రాశాను. ఆ మార్జిన్లో మాట చదివాకే కమిషనర్ పరిహారాన్ని ఆపకుండా పొడిగించాడు. కానీ ఆ పూట గట్టు మీద కూర్చున్న మా ఇద్దరికీ ఆ సంగతి తెలియదు. ఆ కాగితంతో డబ్బు ఆగిపోతుందనే ఇద్దరం అనుకుంటున్నాం. ఆమె మళ్ళీ ఒకసారి చదవమంది. చదివాను. చేతులకు అంటిన మట్టి చీర కొంగుకు తుడుచుకుంటూ, ఒక్కో మాటా తలాడిస్తూ వింది.

"ఇబ్బుడు సరిగ్గుండాది. సంతకం పెట్టండి సార్," అంది.

పెట్టాను.